జీపు ఇంజిన్ విప్పే ముందు: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ప్లాన్

ఈసారి స్పానర్ పట్టుకునే పని లేదు. ఒక నోట్‌బుక్, ఒక క్యాలెండర్, ఒక కంప్రెషన్ గేజ్. ఇవాళ మన టూల్స్ ఇవే.

ఎందుకో చెప్తాను. మన వైపు తోటల్లో ఎటు వెళ్ళినా, ఆగిరిపల్లి వెళ్ళండి, ముసునూరు వెళ్ళండి, చాట్రాయి వెళ్ళండి, ఏదో ఒక షెడ్డులో పాత జీపు ఉంటుంది. బానెట్ తీసేసి ఉంటుంది. ఇంజిన్ మీద గోనెసంచి కప్పి ఉంటుంది. బోల్టులన్నీ ఒకే పెయింట్ డబ్బాలో తుప్పు పడుతూ ఉంటాయి. "ఏమైంది బాబాయ్?" అని అడిగితే ఒకటే జవాబు: "ఇంజిన్ పని పెట్టాం రా, మధ్యలో ఆగింది." చాలా బళ్ళు పొగ కొట్టుకుంటూ, ఆయిల్ తాగుతూ అయినా తిరుగుతూనే ఉండేవి. వాటిని విప్పాకే చంపారు. విప్పేటప్పుడు ప్లాన్ లేదు, అంతే.

అందుకని ఈ ఎపిసోడ్ మొత్తానికీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏది మార్చాలో కొలత చెప్పాలి. ఎప్పటికి పూర్తవ్వాలో మామిడి చెట్టు చెప్పాలి. ఈ రెండూ కాగితం మీదకు వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా కదిలించకండి.

ముందు క్యాలెండర్ చూద్దాం. అమెరికా, యూరప్ వీడియోల్లో "వింటర్ రీబిల్డ్" అనే మాట మీరు వినే ఉంటారు. అక్కడ మంచు పడుతుంది, రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాత బండి బయటకు తీస్తే బాడీ తుప్పు పట్టిపోతుంది. అందుకని చలికాలమంతా గ్యారేజీలో పెట్టి పని చేసుకుంటారు. మనకు మంచూ లేదు, ఉప్పూ లేదు. అయినా పనికి చలికాలమే సరైంది. మనల్ని నడిపించేది తోట.

నూజివీడు చుట్టుపక్కల డిసెంబరు, జనవరిలో పూత మొదలవుతుంది. పూత కనపడగానే తేనెమంచు పురుగుకీ, బూడిద తెగులుకీ మందు కొట్టాలి. నీళ్ళ డ్రమ్ములు, మందు, మనుషులు, అన్నీ తోటలోకి వెళ్ళాలి. అప్పుడు బండి కావాలి. ఆ తర్వాత మార్చి చివరి నుంచి జూన్ దాకా కాయే. చిన్న రసాలు, బంగినపల్లి, కలెక్టరు, ఒకదాని వెనక ఒకటి. నున్న మార్కెట్టుకి లోడ్లు పోతుంటే ఎవరూ మెకానిక్ పని పెట్టుకోరు. జూలై నుంచి వానలు, బురద. షెడ్డు నేల ఆరదు. ఇక మిగిలింది ఏది? దీపావళి వెళ్ళాక కార్తీకం మొదలు సంక్రాంతి దాకా. సుమారు పది, పన్నెండు వారాలు. ఇందులో తుపానుకి కరెంటు పోయే రోజులు తీసేయండి. పెళ్ళి ముహూర్తాలు తీసేయండి. సంక్రాంతికి వారం ముందు నుంచి లేత్ షాపుల్లో పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు, అదీ తీసేయండి. చేతిలో నిజంగా ఉండేవి ఎనిమిది వారాలు. ప్లాన్ ఎనిమిది వారాలకే రాసుకోండి.

ఇప్పుడు బండి గురించి. మా ఇంట్లో ఉన్నది 1968 మోడల్ మహీంద్రా సీజే-3బీ, పెట్రోలు. అమెరికాలో విల్లీస్ కంపెనీ ఈ మోడల్‌ని 1953లో తెచ్చింది. తర్వాత అదే మోడల్‌ని లైసెన్సు మీద మన దేశంలో మహీంద్రా ఏళ్ళ తరబడి చేసింది. దీని బానెట్ అంత ఎత్తుగా ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. లోపల ఉన్న హరికేన్ ఇంజిన్ పాత జీపు ఇంజిన్ కంటే ఎత్తు, అది పట్టాలి కాబట్టి. నాలుగు సిలిండర్లు, 134 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 2,200 సీసీ. దీన్ని ఎఫ్-హెడ్ అంటారు. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మా పెదనాన్న, నాన్న, బాబాయ్, ముగ్గురిదీ ఈ జీపు. ఇంట్లో మాట ఏమైందంటే, సంక్రాంతికి బండి స్టార్ట్ అయితే ఉంచుతారు, లేకపోతే తూకానికి ఇచ్చేస్తారు. పాత ఇనుము కొనేవాడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మా అన్నయ్యదేమో ఇంకో మాట: "ఈ పెట్రోలు ఇంజిన్ ఎందుకురా, తీసేసి డీజిల్ కూర్చోబెడదాం." అన్నయ్య మాటలో న్యాయం లేదని నేను అనను. రోజూ లోడు మోసే బండికి పెట్రోలు ఖర్చు భారమే. మన జిల్లాల్లో ఎన్నో జీపులకు అలాగే డీజిల్ పడింది కూడా. కానీ నిర్ణయం తీసుకునే ముందు కాగితాల సంగతి తెలియాలి.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన టూవీలర్లు, ఫోర్ వీలర్లు వింటేజ్ కిందకు వస్తాయి. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నంబరు ప్లేటులో "వీఏ" అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. ఇంకో ముఖ్యమైన సంగతి, అలా రిజిస్టర్ అయిన బండిని మామూలుగా రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు కొట్టించడం లాంటి వాటికే.

అంటే మనం ముందే తేల్చుకోవాలి. డ్రమ్ములు మోసే బండా, దాచుకునే బండా? డ్రమ్ములు మోయాలంటే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకుని, ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకుంటూ పోవాలి. ఇంజిన్ రకమే మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌టీఓ దగ్గర అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. డీజిల్ వేసిన రోజు నుంచి అసలు రూపం అనే మాట పోతుంది. మేం ఉన్న ఇంజిన్‌నే బాగు చేయాలని తేల్చుకున్నాం. మీరు ఏది తేల్చుకున్నా సరే, ఈ వారం చేయాల్సింది ఒకటుంది. ఆర్‌సీ పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిపోల్చి చూసుకోండి. అవి కలవకపోతే ముందు అది తేల్చుకోవాలి. రిపేరు తర్వాత సంగతి.

ఇక కొలతలు. ఇంజిన్ తిరుగుతూ ఉన్నప్పుడే తీసుకోవాలి. విప్పాక అది మీకేమీ చెప్పదు.

మొదటిది కంప్రెషన్. ఇంజిన్ బాగా వేడెక్కాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో సిలిండరుకి అయిదారు తిప్పులు చాలు. విల్లీస్ మాన్యువల్ ప్రకారం ఈ ఇంజిన్‌కి 120 నుంచి 130 పీఎస్‌ఐ రావాలి. సిలిండర్ల మధ్య తేడా 10 దాటకూడదు. మా జీపుకి వచ్చినవి చెప్తాను, రాసుకోండి: ఒకటి 118, రెండు 115, మూడు 82, నాలుగు 116.

మూడోది పడిపోయింది. ఇక్కడే చాలామంది "బోరు పోయింది, బోరింగ్ చేయిద్దాం" అనేస్తారు. ఆగండి. మూడో సిలిండరులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూశాం. 84 వచ్చింది. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసి రీడింగ్ బాగా పెరిగేది. పెరగలేదంటే గాలి వాల్వు దగ్గర పోతోందని అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ అయినా కావచ్చు.

రెండో పరీక్ష దాన్ని తేలుస్తుంది. పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో పైకి వచ్చి ఉన్నప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ సరిపోతుంది. గాలి తోస్తే ఇంజిన్ ఒక్కసారిగా తిరగొచ్చు, కాబట్టి ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి, హ్యాండిల్ పెట్టి వదిలేయకండి. ఇప్పుడు చెవి పెట్టి వినండి. కార్బొరేటర్లో సుయ్‌మంటే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు. రేడియేటర్లో బుడగలు వస్తే గ్యాస్కెట్ లేదా పగులు. మాకు సైలెన్సర్లో వినిపించింది. ఎగ్జాస్ట్ వాల్వు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, అది బ్లాకులో ఉంటుంది. అంటే హెడ్ ఒక్కటే లేత్ షాపుకి పంపితే ఈ బండి బాగవదు. సీటు బ్లాకులో ఉంది, బ్లాకే వెళ్ళాలి.

మూడోది ఆయిల్ ప్రెషర్. బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో కనీసం 6 పీఎస్‌ఐ, 35 మైళ్ళ వేగంలో కనీసం 20 ఉండాలని మాన్యువల్ మాట. డాష్‌బోర్డు గేజ్‌ని నమ్మకండి, వేరే గేజ్ పెట్టి చూడండి. మాది ఐడ్లింగ్‌లో 6 కంటే కిందకి పడుతోంది. పంపు అరిగిందో, బేరింగులు అరిగాయో విప్పి కొలిస్తేనే తెలుస్తుంది. కాబట్టి ఇంజిన్ దించక తప్పదు. చూశారా, "పాతది కదా, అన్నీ మార్చేద్దాం" అని మేం అనలేదు. రెండు కొలతలు చెప్పాయి కాబట్టి దించుతున్నాం.

నాలుగోది గేరు బాక్సు. దీనిలో ఉన్నది టీ-90, మూడు గేర్లది. ఫస్ట్‌కి సింక్రో ఉండదు. కాబట్టి బండి కదులుతుండగా ఫస్ట్ వేస్తే కరకరమనడం జబ్బు కాదు. జబ్బు ఏదంటే, దిగుడులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు సెకండ్ గేరు దానంతట అదే న్యూట్రల్‌కి వచ్చేయడం. మాది అలా వస్తోంది. సింక్రో అరిగి ఉండొచ్చు, షాఫ్టులో ప్లే పెరిగి ఉండొచ్చు, బెల్ హౌసింగ్‌కి బాక్సు సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. దాని పక్కనే ఫోర్ వీల్ డ్రైవ్‌కి ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది, స్పైసర్-18 అంటారు. అందులో ఇంటర్మీడియట్ షాఫ్టు, దాని నీడిల్ బేరింగులు త్వరగా అరుగుతాయి. ఇంకోటి, ఈ జీపు హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల డ్రమ్ము మీద ఉంటుంది. అక్కడ ఆయిల్ సీల్ పోయిందంటే లైనింగ్ ఆయిల్‌లో నానిపోతుంది, హ్యాండ్‌బ్రేక్ పట్టదు. మైలవరం వైపు గుట్టల దారిలో ఇది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కర్లేదు. చిన్న సీలే కానీ మా లిస్టులో మొదటి వరసలో రాశాను.

ఇప్పుడు వారాల ప్లాన్.

మొదటి వారం: కడగడం, ఫోటోలు, దించడం. ప్రతి వైరుకీ, ప్రతి పైపుకీ విప్పకముందే ఫోను తీసి రెండు వైపుల నుంచి ఫోటో కొట్టండి. ప్లగ్ వైర్లకు అంకెలు అంటించండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. బోల్టులు ఏ భాగానివి ఆ కవర్లో వేసి పేరు రాయండి. పెయింట్ డబ్బా పద్ధతి వద్దు. దించేటప్పుడు దయచేసి మామిడి కొమ్మకి చైన్ బ్లాక్ కట్టకండి. మామిడి కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. ఇనుప గొట్టాల మూడు కాళ్ళ స్టాండు అద్దెకు తెచ్చుకోండి.

రెండో వారం: విప్పడం, కొలవడం. హెడ్ తీసేటప్పుడు ఒక హెచ్చరిక. ఈ ఇంజిన్‌లో ఒక హెడ్ బోల్టు కనపడదు. కార్బొరేటర్ తీసి లోపలికి చూస్తే, దాని కిందే ఇన్‌టేక్ దారిలో ఉంటుంది. అది తియ్యకుండా హెడ్ రావడం లేదని సుత్తితో కొట్టి, గడ్డపారతో ఎత్తి హెడ్ పగలగొట్టే ప్రమాదం ఉంది. ఆ తర్వాత ప్రతి సిలిండరూ పైన, మధ్యలో, కింద, నిలువుగా, అడ్డంగా కొలిపించండి. ఆరు కొలతలు. క్రాంకు జర్నల్స్ కూడా. అవన్నీ మీ నోట్‌బుక్‌లో మీ చేత్తో రాసుకోండి.

మూడు నుంచి అయిదో వారం దాకా మెషిన్ షాపు. మనకు విజయవాడ ఆటోనగర్ దగ్గర్లో ఉండటం పెద్ద అదృష్టం. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, వాల్వ్ సీట్లు అన్నీ అక్కడే అయిపోతాయి. ఇక్కడ ఒకే ఒక్క రూలు: పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు వేయించాలి. ఈ ఇంజిన్‌కి ఓవర్‌సైజు పిస్టన్లు 10, 20, 30, 40 థౌ అని ఉంటాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. షాపువాళ్ళు 20కి బోరు వేసేశాక బజార్లో 30 సైజే దొరికిందనుకోండి, మళ్ళీ డబ్బు, మళ్ళీ టైము, ఉన్న మెటల్ కూడా పోతుంది. పిస్టన్ల సెట్టు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి, "వీటిని కొలిచి బోరు వెయ్యండన్నా" అని చెప్పండి. కొలతల్లో సిలిండర్లు బాగున్నాయంటే బోరు అసలు వద్దు, హోనింగ్ చేయించి రింగులు మారిస్తే చాలు. ఎగ్జాస్ట్ సీట్లు కిందకి దిగిపోయి ఉంటే గట్టి మెటల్ ఇన్సర్టులు వేయించండి. ఇది లెడ్ పెట్రోలు రోజుల్లో పుట్టిన ఇంజిన్. మన దేశంలో లెడ్ పెట్రోలు 2000లోనే ఆగిపోయింది.

బ్లాకు అక్కడ ఉండగా మన చేతులు ఖాళీగా ఉండకూడదు. ఆ మూడు వారాల్లో ఇంటి దగ్గర గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు పని. బేరింగులు, సీళ్ళు, సింక్రో రింగులు. ఇంజిన్, బాక్సు కింద ఉన్నాయి కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఇప్పుడే చూసేయాలి. పెట్రోలు పంపు డయాఫ్రం, రబ్బరు పైపులు కూడా. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. బాక్సులోకి పోసే ఆయిల్ జీఎల్-4 రకం 90 అని అడిగి తీసుకోండి. జీఎల్-5లో ఉండే కొన్ని రసాయనాలు సింక్రో రింగుల ఇత్తడిని తినే అవకాశం ఉంది.

ఆరు, ఏడు వారాలు బిగింపు. హెడ్ బోల్టులు టార్క్ రెంచితో వరసగా 60 నుంచి 70 ఫుట్ పౌండ్లకు. ఆ దాక్కున్న బోల్టుతో సహా. వాల్వ్ క్లియరెన్సు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 18 థౌ, ఎగ్జాస్ట్ 16 థౌ.

ఎనిమిదో వారం స్టార్టింగ్, లీకులు, చిన్న రన్ను, బోల్టులు మళ్ళీ ఒకసారి చూడటం. సంక్రాంతి లోపు ఇంకేమైనా రోజులు మిగిలితే అవి ఆలస్యాల కోసం. వాటిని ముందే పనితో నింపేయకండి.

ఆఖరుది డబ్బు. ఈ మాట జాగ్రత్తగా వినండి. మన దగ్గర చాలామంది తోటని పూత మీదో పిందె మీదో వ్యాపారికి ఇస్తారు. అడ్వాన్సు అప్పుడొస్తుంది. ఇంజిన్ ఖర్చేమో అంతకు ముందే, కార్తీకంలో, మార్గశిరంలో వస్తుంది. మందుల ఖర్చు కూడా అప్పుడే వస్తుంది. రాబోయే పూత డబ్బు లెక్కేసుకుని ఇంజిన్ విప్పకండి. ఒక ఏడు పూత రాకపోతే బండీ ఆగుతుంది, తోటా ఎండుతుంది. నా నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీశాను. మొదటిది, బండి ఆగడానికి, క్షేమంగా నడవడానికి తప్పనివి: బ్రేకులు, హ్యాండ్‌బ్రేక్ సీల్, వాల్వు, బేరింగులు. రెండోది, విప్పి కొలిచాక తేలేవి: బోరు, క్రాంకు. మూడోది ఆశలు: పెయింటు, సీట్లు, కొత్త టైర్లు. మొదటి గడికి, రెండో గడికి చేతిలో డబ్బు ఉంటేనే ఇంజిన్ దించుతాం. లేకపోతే ఈ ఏడాది కొలతలతో ఆపి, బండిని అలాగే నడుపుకుంటాం. వాల్వు కారుతున్నా అది ఇంకా బండే. విప్పి వదిలేస్తే తూకం వేసేవాడికి సరుకు.

మా పెదనాన్నకి ఈ నోట్‌బుక్ చూపించాను. ఆయన కంప్రెషన్ అంకెలు చూడలేదు. వారాల పేజీ చూశారు, డబ్బు పేజీ చూశారు. రెండో గడి దగ్గర వేలు పెట్టి, "దీనికి సగం నేను పెడతా, మిగతాది మీ నాన్నని, బాబాయిని అడుగు" అన్నారు. నాన్న సరేనన్నారు. బాబాయ్ ఇంకా ఏమీ అనలేదు. ఆయన భాగం ఖాయమయ్యేదాకా మా జీపులో ఒక్క బోల్టు కూడా కదలదు.

మీ ఇంట్లోనో, మీ తాతగారి ఊళ్ళోనో ఇలాంటి బండి ఉంటే, జీపే కానక్కర్లేదు, పాత ట్రాక్టరైనా, బుల్లెట్టైనా, ఈ ఆదివారం వెళ్ళి ఆర్‌సీతో నంబర్లు చూసుకోండి. బండి ఇంకా స్టార్ట్ అవుతుంటే కంప్రెషన్ రాసుకోండి. సిలిండరుకి ఒక అంకె. ఎవరైనా "అన్నీ మార్చేద్దాం" అన్నప్పుడు ఆ కాగితం చూపించి మాట్లాడొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో సిలిండర్ ఆరు కొలతలు ఎలా తీయాలో ఆటోనగర్ షాపులో చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.